పాఠకుల ప్రశ్నలు: ఇంట్లో ఉన్న పాత బంగారు నాణెం విలువ ఎంత?

పాత బంగారు నాణేల గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు పంపిన ఉత్తరాలలో ఐదింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. మొదటి ఉత్తరంలోని సందేహాలే మరికొందరికీ ఉన్నందువల్ల దానికి వివరంగా సమాధానం రాశాము. మిగిలినవారు కూడా నాణెం పరీక్షించే పద్ధతుల కోసం అదే చూడగలరు.

ప్రశ్న: మా అత్తగారి కాసులపేరు తెగిపోయాక అందులోని నాలుగు కాసులు నా వంతుకు వచ్చాయి. ఇనప్పెట్టెలో గుడ్డ సంచిలో దాచిన మరో రెండు కాసులు కూడా నాకే ఇచ్చారు. అన్నిటి మీదా ఒకవైపు గడ్డం ఉన్న రాజు, రెండోవైపు గుర్రం మీద వీరుడు ఉన్నారు. కాసులపేరులోని నాలుగింటికి కొక్కెం అతికించిన మచ్చలున్నాయి. సంచిలోని రెండింటిలో ఒకదాని మీద 1918 అని, దానికి పైన చిన్నగా ‘ఐ’ అనే ఇంగ్లీషు అక్షరం ఉంది. మాకు తెలిసిన ఆచారి గారు అన్నిటికీ మెరుగు పెట్టి ఇస్తానంటున్నారు. అమ్మేటట్లయితే తరుగు తీసి సవర లెక్కన తీసుకుంటారట. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: అమ్మా, అన్నిటికంటే ముందు మెరుగు పెట్టించే ఆలోచన మానుకోండి. నగకు మెరుగు అందమే కానీ నాణేనికి అదే శాపం. టంకశాలలో అచ్చు దెబ్బ పడినప్పుడు లోహం ఉపరితలం మీద కంటికి కనిపించనంత సన్నని గీతలు కేంద్రం నుంచి అంచుకు ఏర్పడతాయి. వాడకంలోకి పోని నాణేన్ని దీపం కింద మెల్లగా తిప్పితే, పట్టుచీర మడతలో మెరుపు జరిగినట్టు, వెలుగు దాని మీద చక్రంలా తిరుగుతుంది. సేకరించేవారు ఎక్కువ డబ్బు ఇచ్చేది ఆ వెలుగుకే. చింతపండుతో తోమినా, కుంకుడు రసంలో వేసి బ్రష్షుతో రుద్దినా, ఆచారి గారి చక్రం మీద పెట్టినా అది పోతుంది, పోయిందంటే తిరిగి రాదు. మెరుగు పెట్టిన నాణెం మామూలు కంటికి కొత్తదానిలా కనిపించవచ్చు. కానీ భూతద్దంలో చూస్తే ఒకే దిక్కుకు పోయే వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తాయి, తెలిసిన వ్యాపారి క్షణంలో పట్టేస్తాడు. కాబట్టి నాణేలను అంచులతోనే పట్టుకోండి, ఒకదానికొకటి రాసుకోకుండా విడివిడిగా కాగితపు కవర్లలో పెట్టండి.

మీ వర్ణనను బట్టి ఇవి బ్రిటిష్ సవరన్లు, ఐదో జార్జి కాలంవి కావచ్చు. గుర్రం మీద ఉన్న వీరుడు సెయింట్ జార్జి, కింద పడి ఉన్నది డ్రాగన్. పిస్ట్రూచి అనే ఇటలీ శిల్పి 1817లో ఈ నాణెం కోసం చేసిన బొమ్మ అది. సవరను బరువు 7.988 గ్రాములు, వ్యాసం 22 మిల్లీమీటర్ల పైన ఒక్క వెంట్రుకవాసి, వన్నె 22 క్యారెట్లు. అంటే ఒక్కొక్కదానిలో 7.32 గ్రాముల మేలిమి బంగారం ఉంటుంది, మిగిలింది రాగి. మనం ‘సవర’ అనుకునే ఎనిమిది గ్రాముల లెక్క ఈ నాణెం నుంచి వచ్చిందే కాబట్టి, నాణేనికీ సవరకూ మధ్య తేడా పన్నెండు మిల్లీగ్రాములే.

అసలుదా కాదా అని చూడటానికి ఇంట్లోనే మూడు పనులు చేయవచ్చు. మొదటిది తూకం. గ్రాములో నూరోవంతు చూపే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఇప్పుడు సులభంగా దొరుకుతుంది. సవరను చలామణిలో అరిగి 7.938 గ్రాముల కంటే తగ్గితే బ్రిటిష్ చట్టం ప్రకారం అది చెల్లుబాటు కోల్పోయేది. ఈ హద్దు మీకు కూడా పనికొస్తుంది. కొక్కెం మచ్చలు లేని మీ రెండు నాణేలు 7.94 నుంచి 7.99 మధ్య తూగితే నిశ్చింతగా ఉండవచ్చు. 7.90 కంటే తగ్గితే అవి బాగా అరిగినవో, అంచు ఆకురాయితో గీకి బంగారం తీసినవో, నకిలీవో అయి ఉంటాయి. అంచు చుట్టూ ఉన్న పళ్లు అన్నిచోట్లా ఒకే లోతులో ఉన్నాయా అని చూస్తే గీకుడు తెలిసిపోతుంది. కొక్కెం అతికించిన నాలుగింటి విషయంలో టంకం బరువు కూడా కలుస్తుంది కనుక అవి ఎనిమిది గ్రాములు దాటి తూగినా ఆశ్చర్యపోనక్కరలేదు.

రెండోది నీటి పరీక్ష. ఒక గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి, అంకెను సున్నాకు తెచ్చుకోండి. నాణేన్ని సన్నని నైలాన్ దారంతో కట్టి, గ్లాసు అడుగునూ గోడనూ తాకకుండా పూర్తిగా మునిగేటట్లు వేలాడదీసి పట్టుకోండి. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే కొద్దిగా కదిపి వదిలించండి. అప్పుడు కాటా చూపే అంకె నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. సరైన సవరనుకు అది 0.45 గ్రాములు ఉంటుంది. నాణెం బరువును ఈ అంకెతో భాగిస్తే పదిహేడున్నర పైచిలుకు రావాలి. అదే బరువున్న ఇత్తడి బిళ్ల అయితే కాటా 0.9 పైన, వెండి మీద పూత పూసినదైతే 0.75 చుట్టుపక్కల చూపుతుంది. నగల దుకాణాల్లోని ఎక్స్‌రే యంత్రం వన్నెను నిమిషంలో చెబుతుంది, నాణేనికి హాని కూడా చేయదు. అయితే అది చూసేది పైపొరను మాత్రమే కాబట్టి మందమైన పూత ఉంటే మోసపోవచ్చు. అందువల్ల రెండు పరీక్షలూ కలిపి చూడటం మంచిది. గీటురాయి మీద రుద్దనివ్వకండి, టచ్ చూడటానికి కరిగించనివ్వకండి.

మూడోది భూతద్దంతో పరిశీలన. పది రెట్లు పెద్దదిగా చూపే అద్దం చాలు. అచ్చుపోసిన నకిలీలో మైదానం మీద, అంటే బొమ్మ లేని చదును భాగంలో, సూది మొనంత గుంటలు ఉంటాయి, అక్షరాల అంచులు కరిగిన సబ్బులా మొద్దుబారి ఉంటాయి. అంతకంటే చిక్కు తెచ్చేవి నిజమైన 22 క్యారెట్ల బంగారంతోనే చేసిన నకిలీలు. గత శతాబ్దం నడుమ లెబనాన్‌లో అటువంటివి విపరీతంగా తయారయ్యాయి. వాటికి బంగారం ధర వస్తుంది, నాణెంగా మాత్రం విలువ ఉండదు. వాటిని పట్టుకోవడానికి సంవత్సరమే సాక్షి. ఐదో జార్జి బొమ్మతో లండన్‌లో సవరన్లు ముద్రించింది 1911 నుంచి 1917 వరకు, తిరిగి 1925లో. లండన్ నాణెం మీద టంకశాల అక్షరం ఉండదు. సిడ్నీ నాణేనికి ‘ఎస్’, మెల్‌బోర్న్‌కు ‘ఎం’, పెర్త్‌కు ‘పీ’, ఒట్టావాకు ‘సీ’, దక్షిణాఫ్రికాకు ‘ఎస్‌ఏ’ అనే గుర్తులు ఉంటాయి. ఈ అక్షరం గుర్రం కాళ్ల కింద నేలగా గీసిన గీత మధ్యలో, సంవత్సరపు అంకెలకు కాస్త పైన ఉంటుంది. ఏ అక్షరమూ లేకుండా 1920 అని ఉన్న ఐదో జార్జి సవరను కనిపిస్తే అది టంకశాలలో పుట్టినది కాదని నిర్భయంగా చెప్పవచ్చు.

ఇక మీ ‘ఐ’ అక్షరం నాణెం సంగతి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బొంబాయి టంకశాల కొద్దికాలం లండన్ రాయల్ మింట్ శాఖగా పనిచేసి 1918 సంవత్సరం వేసిన పన్నెండు లక్షలకు పైగా సవరన్లను ముద్రించింది. ఇండియాకు గుర్తే ఆ ‘ఐ’. ఐదో జార్జి బొమ్మతో, ‘ఐ’ గుర్తుతో 1918 తప్ప వేరే సంవత్సరం ఉంటే అది నకిలీ. మీది 1918దే కాబట్టి ఈ గండం గడిచింది. మన గడ్డ మీద తయారైన నాణెం గనుక మన దేశపు సేకర్తలలో దీనికి కొంత గిరాకీ ఉంది. కానీ పన్నెండు లక్షలకు పైగా ముద్రించిన నాణేన్ని అపురూపమని అనలేము. బాగున్న స్థితిలో ఉంటే బంగారం ధర మీద కొంత అదనంగా అడగండి, లక్షలు వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

స్థితిని అంచనా వేయడానికి నాణెంలో అన్నిటికంటే ఎత్తుగా ఉన్న భాగాలను చూడాలి, ఎందుకంటే అరుగుదల మొదలయ్యేది అక్కడే. బొమ్మ వైపు రాజు చెవి పైన వెంట్రుకలు, కనుబొమ, మీసం, గడ్డం చూడండి. బొరుసు వైపు వీరుడి శిరస్త్రాణం, తొడ, గుర్రం రొమ్ము చూడండి. చెవి పైన వెంట్రుకలు పాయలు పాయలుగా విడివిడిగా కనిపిస్తూ, మైదానంలో నేను పైన చెప్పిన తిరిగే వెలుగు పూర్తిగా ఉంటే అది చలామణికి పోనిది. వ్యాపారులు యూఎన్‌సీ అనేది దాన్నే. పాయల కొసలు మాత్రమే చదునై, వెలుగు అక్షరాల సందుల్లో దాక్కుని ఉంటే ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్. వెంట్రుకలు కలిసిపోయి ముద్దగా కనిపించినా బొమ్మ మొత్తం స్పష్టంగా ఉంటే వెరీ ఫైన్. తల ఒక నీడలా మిగిలితే ఫైన్, అంతకంటే తక్కువ. సంచిలో ఒకదానికొకటి తగిలి పడిన చిన్న నొక్కులు వేరు, చేతులు మారి అరిగిన అరుగుదల వేరు. బంగారం మెత్తని లోహం కాబట్టి చలామణికి పోని నాణేల మీద కూడా నొక్కులు సాధారణమే. వాటిని చూసి కంగారు పడవద్దు.

కాసులపేరులోని నాలుగింటి విషయంలో నిష్ఠూరమైనా నిజం చెప్పాలి. టంకం పడిన నాణెం ఎంత అందంగా మిగిలినా సేకర్తకు అది దెబ్బతిన్న నాణెమే. మచ్చను గీకి అంచు పళ్లు తిరిగి చెక్కిస్తే మరీ నష్టం. వాటికి వచ్చేది బంగారం ధరే. లెక్క సులువుగా ఉండటానికి గ్రాము మేలిమి బంగారం పదివేల రూపాయలు అనుకుందాం. సవరనుకు 73,200 రూపాయలు రావాలి. ఇందులో తరుగు అనే మాటకు చోటు లేదు. రాళ్లు, లక్క ఉన్న నగకు తరుగు తీయడంలో అర్థం ఉంది కానీ, టంకశాల హామీ ఉన్న బిళ్లకు తీయడానికి ఏముంది? అంటుకుని ఉన్న టంకం వన్నె తక్కువ కనుక ఆ చుక్క బరువు మాత్రం మినహాయిస్తే న్యాయం. ఆచారి గారు మీకు తెలిసినవారే అయినా, నెల్లూరు ఆచారి వీధిలో ఇంకో ఇద్దరు ముగ్గురి దగ్గర ధర అడిగిన తరువాతే మాట ఇవ్వండి.

నా మాటగా చెప్పాలంటే, ఆ నాలుగింటినీ అమ్మే అవసరం లేకపోతే తిరిగి కాసులపేరుగానే కట్టించుకోండి. నాణేలుగా వాటి విలువ ఎలాగూ పోయింది, అత్తగారి నగగా ఉన్న విలువ అలాగే ఉంది. సంచిలోని రెండింటికి మాత్రం కొక్కెం పెట్టించకండి.

ప్రశ్న: మా ఇంట్లో తరతరాలుగా పూజ పెట్టెలో ఒక చిన్న బంగారు బిళ్ల ఉంది. చిటికెన వేలి గోరు కంటే కాస్త పెద్దది. బరువు 3.4 గ్రాములు. ఒకవైపు కూర్చున్న బాలుడిలా దేవుడి బొమ్మ, రెండోవైపు మూడు వరుసల్లో హిందీ అక్షరాల వంటివి ఉన్నాయి. పసుపు, కుంకుమ, నూనె పట్టి సందులన్నీ పూడిపోయాయి. బొమ్మ ఒక పక్కకు జరిగి ఉంది, అంటే లోపం ఉన్నదేనా?
— ఒక పాఠకుడు, ఉదయగిరి

సమాధానం: ఉత్తరం వచ్చిన ఊరూ అందులోని నాణెమూ ఇంత చక్కగా కలవడం అరుదు. మీరు చెప్పిన బరువు, బొమ్మ, మూడు వరుసల నాగరి లిపి చూస్తే అది విజయనగర వరాహ అయి ఉండే అవకాశం ఎక్కువ. ‘శ్రీ ప్రతాప కృష్ణరాయ’ అని చదవగలిగితే శ్రీకృష్ణదేవరాయలది. 1514లో రాయలు గజపతుల నుంచి మీ ఉదయగిరి దుర్గాన్ని గెలుచుకొని, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకువెళ్లి 1515లో ప్రతిష్ఠించారు. నాణెం మీద శంఖచక్రాల నడుమ కూర్చున్న బొమ్మ ఆ బాలకృష్ణుడిదేనని చరిత్రకారులు చాలామంది భావిస్తారు. మీ బిళ్ల వేరే రాజుదైతే బొమ్మే చెబుతుంది. ‘శ్రీ ప్రతాప దేవరాయ’ అని ఉన్నవాటి మీద ఉమామహేశ్వరులు, అచ్యుతరాయల వాటి మీద గండభేరుండం, సదాశివరాయల వాటి మీద లక్ష్మీనారాయణులు కనిపిస్తారు. అక్షరాలే లేకుండా వెనకవైపు చుక్కల గరుకు నేల మీద నక్షత్రం ఉంటే అది విజయనగరానిది కాదు, తరువాతి కాలంలో మద్రాసులో చెల్లిన ఈస్టిండియా కంపెనీ స్టార్ పగోడా. దాని బరువు కూడా ఇంచుమించు 3.4 గ్రాములే కాబట్టి రెండింటినీ కలగాపులగం చేసేవారు ఎక్కువ. అయితే స్టార్ పగోడా వన్నె వరాహ కంటే తక్కువ.

బొమ్మ పక్కకు జరగడం లోపం కాదు. వరాహలను యంత్రంతో కాక సమ్మెట దెబ్బతో చేత్తో ముద్రించేవారు. అచ్చు కంటే బిళ్ల చిన్నది కావడం వల్ల ఏ నాణెం మీదా బొమ్మ అంతా పడదు. కాబట్టి సవరనుకు చెప్పిన కొలతలు దీనికి పట్టవు. ఇక్కడ చూడవలసింది అరుగుదల కంటే ముందు ముద్ర. దేవుడి ముఖం బిళ్ల మీద పడిందా, రాజు పేరులోని అక్షరాలు ఎన్ని కనిపిస్తున్నాయి, రెండువైపులా దెబ్బ సమంగా పడిందా అన్నవి మొదట చూస్తారు. ముఖం, పేరు రెండూ పూర్తిగా ఉన్న వరాహకు, అదే బరువుతో పేరు సగం తెగిపోయిన వరాహకు సేకర్త ఇచ్చే ధరలో చాలా తేడా ఉంటుంది. నిజానికి అంచులు మరీ గుండ్రంగా, బొమ్మ సరిగ్గా నడిమధ్య ఉన్న వరాహను చూస్తేనే నాకు అనుమానం కలుగుతుంది. నగల కోసం ఈమధ్య పోతపోసి చేస్తున్న రాయల కాసులు అలాగే ఉంటాయి.

సందుల్లో పేరుకున్న పసుపు కుంకుమల కోసం సూది, బ్రష్షు, పుల్ల ఏదీ వాడకండి. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు రోజులు నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉండండి. నూనె జిడ్డు వదలకపోతే, ప్రయోగశాల రసాయనాలు అమ్మే దుకాణంలో దొరికే శుద్ధమైన అసిటోన్‌లో గాజు గిన్నెలో కొద్దిసేపు ఉంచవచ్చు. అది బంగారాన్ని ఏమీ చేయదు. కానీ వెంటనే అంటుకునే ద్రవం కనుక పూజగదిలో దీపం దగ్గర మాత్రం ఆ పని చేయకండి. గోళ్ల రంగు తీసే సీసా అసిటోన్‌లో వేరే నూనెలు కలుస్తాయి, అది పనికిరాదు. తీశాక రుద్దకుండా మెత్తని గుడ్డ మీద పెట్టి ఆరనివ్వండి. అప్పుడు మూడు వరుసల ఫొటోలు పక్క నుంచి వెలుగు పడేటట్లు తీస్తే పేరు చదవడం తేలిక.

ప్రశ్న: కొత్త ఇంటికి పునాది తవ్విస్తుంటే కూలీకి చిన్న మట్టి ముంత దొరికింది. అందులో నాలుగు బంగారు నాణేలున్నాయి. పెద్దలు ఎవరికీ చెప్పకుండా పంచుకోమంటున్నారు. వాటి విలువ ఎలా తెలుసుకోవాలి?
— ఒక పాఠకుడు, కనిగిరి ప్రాంతం

సమాధానం: విలువ సంగతి తరువాత, ముందు చట్టం సంగతి చూడండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. నేలలో దాగిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే, అది ఏమిటి, ఎంత విలువ ఉండవచ్చు, ఎక్కడ, ఏ తేదీన దొరికింది అన్న వివరాలతో జిల్లా కలెక్టరుకు వీలైనంత త్వరగా రాతపూర్వకంగా తెలియజేయాలి. నిధిని దగ్గరలోని ప్రభుత్వ ఖజానాలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు చూపుతానని పూచీ ఇవ్వాలి. చెప్పకుండా దాచినవారు తమకు రావలసిన వాటా పోగొట్టుకోవడమే కాక, ఏడాది వరకు జైలుకు గానీ జరిమానాకు గానీ రెండింటికీ గానీ గురికావచ్చు. సొంతదారు ఎవరూ లేరని విచారణలో తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు కనుగొన్నవారికి ముప్పావు, స్థలం యజమానికి పావు వాటా వస్తుంది. ఆ లెక్కన ముంతను చూసిన కూలీ వాటా మీ వాటా కంటే పెద్దదయ్యే వీలుంది. ఇది మీకు రుచించకపోవచ్చు. ప్రభుత్వమే నిధిని తీసుకోదలిస్తే లోహం విలువకు అందులో ఐదోవంతు కలిపి చెల్లించవచ్చు.

మీ పెద్దలు చెప్పిన పద్ధతి కొత్తదేమీ కాదు, దాని ఫలితం ఏమిటో మన ప్రాంతపు చరిత్రలోనే ఉంది. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ 1787 జూలైలో రాసిన ఒక లేఖలో నెల్లూరు దగ్గర జరిగిన సంగతి చెప్పారు. ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఒక కుండ, కుండలో రోమను బంగారు నాణేలు బయటపడ్డాయి. రోమను చక్రవర్తులు ట్రేజన్, హేడ్రియన్‌లవీ, రాణి ఫౌస్టీనావీ అందులో ఉన్నాయి. అంటే క్రీస్తు శకం రెండో శతాబ్దానివి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు మూసలోకి వెళ్లిపోయాయి. ఆర్కాటు నవాబు కుమారుడైన అమీర్ ఉల్ ఉమరా ముప్పైకి పైగా నాణేలను మాత్రం తిరిగి రాబట్టగలిగాడు. వాటిలో కొన్ని నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టు తాజాగా ఉన్నాయని, మరికొన్ని అరిగిపోయి, నగలుగా ధరించడానికి చిల్లులు పొడిచి ఉన్నాయని డేవిడ్‌సన్ రాశారు. కరిగిపోయినవి ఎన్నో, వాటి మీద ఎవరెవరి బొమ్మలున్నాయో ఇక తేల్చే మార్గం లేదు. రోము నౌకల వర్తకం మన తీరానికి ఎంత దట్టంగా సాగిందో చెప్పగలిగిన సాక్ష్యం ఒక మూసలో ముద్ద అయిపోయింది.

అందుకే మీరు నాణేలతో పాటు ముంతను, ముంత పెంకులు రాలితే వాటిని కూడా పారేయకండి. ఒక్కొక్క నాణెం విడిగా చెప్పేదాని కంటే నాలుగూ ఒకే ముంతలో దొరకడం చెప్పేది ఎక్కువ. ఎంత లోతులో దొరికిందో కొలిచి రాసుకోండి, గొయ్యికి ఫొటో తీయండి, మట్టి అంటుకుని ఉంటే అలాగే ఉంచండి. నాణేలను తూచి, రెండువైపులా ఫొటోలు తీసి, ఆ వివరాలన్నీ కలెక్టరుకు ఇచ్చే అర్జీలో జతచేసి రసీదు తీసుకోండి. రేపు వాటా లెక్క వేసేటప్పుడు మీకూ కూలీకీ అదే ఆధారం. తవ్వకాల్లో దొరికినదాన్ని రహస్యంగా అమ్మజూపితే కొనేవాడు కూడా భయపడుతూనే కొంటాడు గనుక బంగారం ధర కూడా పూర్తిగా ఇవ్వడు.

ప్రశ్న: మా దగ్గర ఈస్టిండియా కంపెనీ 1818 నాటి నాణెం ఉంది. ఒకవైపు రామ పట్టాభిషేకం బొమ్మ. బంగారు రంగులో మెరుస్తుంది. ఫోనులో ఒకరు ముప్పై లక్షలు ఇస్తామని, ముందుగా రిజిస్ట్రేషను రుసుము పంపమని అడుగుతున్నారు. పంపవచ్చా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

సమాధానం: ఒక్క రూపాయి కూడా పంపకండి. రామ పట్టాభిషేకం, హనుమంతుడు, లక్ష్మి వంటి బొమ్మలు వేసి వెనక కంపెనీ పేరూ 1818 అనే సంవత్సరమూ చెక్కిన బిళ్లలు కంపెనీ నాణేలు కావు. అవి ఇత్తడి మీద, రాగి మీద తరువాతి కాలంలో అచ్చువేసిన గిల్టు సరుకు. ఏ తీర్థం దగ్గరైనా పదుల రూపాయలకు దొరికేవి. కంపెనీ 1835లో వేసిన బంగారు మొహరు మీద ఒకవైపు నాలుగో విలియం రాజు తల, రెండోవైపు తాటిచెట్టు ముందు సింహం ఉంటాయి. దాని బరువు 11.66 గ్రాములు, వన్నె 22 క్యారెట్లు. మీ బిళ్లను కావలి పాఠకురాలికి చెప్పిన నీటి పరీక్షకు పెడితే, బరువును నీటి అంకెతో భాగించినప్పుడు ఎనిమిది, తొమ్మిది మధ్య వస్తుంది. పాత నాణేల కొనుగోలుతో తమకు సంబంధం లేదని, తమ పేరు చెప్పి రుసుములు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. నిజంగా కొనేవాడు తానే డబ్బు ఇస్తాడు గానీ మిమ్మల్ని అడగడు.

ప్రశ్న: నా దగ్గర 1918 నాటి పదిహేను రూపాయల బంగారు నాణెం ఉంది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి సెలవులకు వచ్చాడు. తిరిగి వెళ్లేటప్పుడు తీసుకువెళ్లి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసే గ్రేడింగ్ చేయిస్తానంటున్నాడు. మంచిదేనా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కోవూరు

సమాధానం: అయ్యా, మీ నాణెం చాలామంది సవరనుతో కలిపి పొరబడేది. బరువు, వన్నె అచ్చంగా సవరనువే అయినా దాని మీద గుర్రం ఉండదు, కిరీటం పెట్టుకున్న ఐదో జార్జి ఉంటాడు. బొంబాయి టంకశాలలో ఆ ఒక్క సంవత్సరమే పదిహేను రూపాయల విలువతో దీన్ని వేశారు. ‘ఐ’ సవరను కంటే దీనికే సేకర్తలు ఎక్కువ ఇస్తారు, కాబట్టి గ్రేడింగ్ గురించి ఆలోచించడం తప్పు కాదు. నాణెం స్థితికి అంకె వేసి సీలు చేసే గ్రేడింగ్ సంస్థలు వాడేది షెల్డన్ అనే అమెరికన్ 1949లో తమ దేశపు రాగి సెంట్ల కోసం రూపొందించిన ఒకటి నుంచి డెబ్బై వరకు ఉండే కొలమానం. అరవై, ఆ పైన వస్తే చలామణికి పోనిదని అర్థం. తోమిన గుర్తు గానీ టంకం గానీ కనిపిస్తే అంకె ఇవ్వకుండా దెబ్బతిన్నదని రాసి పంపుతారు. అందువల్ల మీ నాణెం ఎప్పుడూ నగలో కట్టనిది, మెరుగు పెట్టనిది అయితేనే ఆ ఖర్చుకు అర్థం ఉంది. మామూలు అరిగిన సవరనుకు ఆ ఖర్చు దండగ.

కానీ మీ అబ్బాయి జేబులో పెట్టుకుని విమానం ఎక్కకూడదు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. దానిని కేంద్ర ప్రభుత్వం గానీ ప్రభుత్వం అధికారమిచ్చిన సంస్థ గానీ తప్ప మరెవరూ దేశం దాటించరాదు. పట్టుబడితే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, దానితో పాటు జరిమానా. 1918 నాణెం 2018లోనే నూరేళ్లు దాటింది. ఐదో జార్జి సవరన్లలో 1925 నాటివి కూడా 2025లో ఆ హద్దు దాటాయి కాబట్టి, విదేశాల్లోని పిల్లలకు ఇంటి కాసులు ఇచ్చి పంపేవారు ముందుగా వాటి మీద సంవత్సరం చూసుకోవాలి. మీకు గ్రేడింగే కావాలంటే, నూరేళ్లు దాటిన నాణేలు అమ్మడానికి లైసెన్సు ఉన్న వ్యాపారుల ద్వారా మన దేశంలోనే చేయించుకోండి. లైసెన్సు నంబరు అడిగి రసీదు మీద రాయించుకోండి. నాణెం చేతికి ఇచ్చే ముందు రెండువైపులా ఫొటో తీసి, బరువును గ్రాములో నూరోవంతు వరకు ఆ రసీదులోనే వేయించండి.